లెటర్ ఇవ్వని గైడు, దగ్గరపడుతున్న డిసెంబరు

పేరు, ఊరు, సంస్థ బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పొడవుగా ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 27 ఏళ్ళు. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరి రెండున్నరేళ్ళయింది. నేలలోని బాక్టీరియా మొక్కలకు ఫాస్ఫరస్ ఎలా అందేలా చేస్తాయన్నది ఆ ల్యాబ్ పని. పోయినేడు అమెరికాలో 10 పీహెచ్‌డీ ప్రోగ్రాములకు అప్లై చేస్తే 9 చోట్ల కాదన్నారు. పదోచోట, పీహెచ్‌డీ కాదుగానీ సొంత ఖర్చుతో మాస్టర్స్‌లో చేరతావా అని అడిగారు. చేరలేదు. ఈ ఏడు మళ్ళీ ప్రయత్నిద్దామని గైడును రికమెండేషన్ లెటర్ అడిగితే, మొదటిసారి "ఇంకో ఏడాది ఉండి ఈ పని పూర్తిచెయ్యి, తర్వాత చూద్దాం" అన్నారు. రెండోసారి "నువ్వే రాసి పంపు, సంతకం పెడతాను" అన్నారు. మూడోసారి ఈమెయిల్‌కి జవాబే లేదు. ఈలోగా, తానే ఫస్ట్ ఆథర్ (పేర్ల వరసలో మొదటి రచయిత) అని మొదట్నుంచీ అనుకుంటున్న పేపర్ డ్రాఫ్టులో, ఆర్నెల్ల కిందట చేరిన, పీహెచ్‌డీ ముగించుకొచ్చిన పోస్ట్‌డాక్ పేరు ముందుకు వచ్చింది. ఇంట్లో అన్నయ్య "ఆ మాస్టర్స్ సీటు మళ్ళీ అడుగు, అప్పు చేద్దాం, ముందు అక్కణ్ణుంచి బయటపడు" అంటున్నారు. ఆమె అడిగిన ప్రశ్నలు మూడు: ఇప్పుడు వెళ్ళిపోతే గురుద్రోహమా? ఆయన లెటర్ లేకుండా అప్లై చెయ్యడం దండగా? ఈ వయసులో పీహెచ్‌డీ మొదలుపెట్టడం ఆలస్యమా? పోయినేటి ఎస్.ఓ.పి. (ఏం చదవాలనుకుంటున్నామో, ఎందుకో చెబుతూ అప్లికేషన్‌తో పంపే వ్యాసం) కూడా జతచేశారు.

సమాధానం:

మీ ఉత్తరంలో గైడు గురించి మూడు పేజీలున్నాయి. మీరు ఏం పరిశోధించాలనుకుంటున్నారో నాలుగే వాక్యాలు. అవి కూడా రెండో పేజీ అడుగున, కుండీల ప్రయోగం విఫలమైన చిరాకులో రాసినవి. ఇక్కడ యథాతథంగా పెడుతున్నాను:

"ప్లేటు మీద అంత పెద్ద వలయం చూపించే స్ట్రెయిన్లు కుండీలో మొక్క పక్కన పెడితే ఏమీ చెయ్యవు. అందరూ ఇంకా పెద్ద వలయం ఇచ్చే స్ట్రెయిన్ కోసమే వెతుకుతున్నారు. నాకేమో అసలు ప్లేటుతో పరీక్షించడంలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది. మట్టిలో ఆ బాక్టీరియా బతకడం లేదా, లేక కరిగించిన ఫాస్ఫరస్‌ను అదే వాడేసుకుంటోందా అన్నది తేల్చుకోవాలని ఉంది."

ఈ రంగం తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. స్ట్రెయిన్ అంటే ఒక జాతి బాక్టీరియాలోని ఒక రకం, ప్లేటు అంటే ల్యాబ్‌లో వాటిని పెంచే పళ్ళెం. నేలలో ఫాస్ఫరస్ చాలానే ఉంటుంది కానీ ఎక్కువ భాగం కాల్షియం, ఇనుము, అల్యూమినియంతో ముడిపడి కరగని రూపంలో ఉంటుంది. వేళ్ళు దాన్ని తీసుకోలేవు. కొన్ని బాక్టీరియా ఆమ్లాలు వదిలి దాన్ని కరిగిస్తాయి. ల్యాబ్‌లో వీటిని పట్టుకోవడానికి 1948 నుంచీ వాడుకలో ఉన్నది పికొవ్‌స్కాయా మాధ్యమం, అంటే కరగని ఫాస్ఫేటు కలిపిన పెంపక పదార్థం: కరిగించగల బాక్టీరియా కాలనీ చుట్టూ తేటగా ఒక వలయం ఏర్పడుతుంది. ప్లేటు మీద గెలిచినవి పొలంలో ఓడిపోవడం ఈ రంగంలో పాత తలనొప్పి. మీరు వేలుపెట్టింది సరిగ్గా అక్కడే.

ఇక మీ ఎస్.ఓ.పి. చూస్తే, అందులో ఈ నాలుగు వాక్యాల జాడ కూడా లేదు. చిన్నప్పటి నుంచీ సైన్స్ మీదున్న మక్కువతో మొదలై, మార్కులు, సెమినార్లు, వచ్చిన టెక్నిక్‌ల జాబితా మీదుగా సాగి, ఆ యూనివర్సిటీకి ఉన్న పేరుప్రతిష్ఠల పొగడ్తతో ముగిసింది. ఎంపిక కమిటీల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, అలాంటివి ఒక సాయంత్రం వరసగా చదివితే ఏది ఎవరిదో గుర్తుండదు. ఆ నాలుగు వాక్యాలతో మొదలయ్యే ఎస్.ఓ.పి. వస్తే మాత్రం పక్కనున్న మనిషికి చదివి వినిపిస్తాను.

మీ బాధను తక్కువ చెయ్యడం లేదు. మాటైనా చెప్పకుండా పేపర్లో పేరు కిందికి జరపడం అన్యాయం. మూడు పేజీలు ఎందుకు పట్టాయో అర్థమైంది. కానీ ఈ ల్యాబ్ నుంచి బయటపడటం ఒక పని, పీహెచ్‌డీలో చేరడం వేరే పని. మీరూ, మీ అన్నయ్యా రెంటినీ కలిపి ఒకే ముడి వేశారు. బయటపడటమే కావాలంటే ఇంకో సంస్థలో ఇదే ఉద్యోగం వెతుక్కుంటే చాలు, అది మూడు నెలల పని. పీహెచ్‌డీ అమెరికాలో అయిదారేళ్ళు. ఒక మనిషి మీద కోపంతో అన్నేళ్ళు నెట్టుకురాలేం. ఆ బాక్టీరియా మట్టిలో ఏం చేస్తోందో తెలుసుకోవాలన్న పట్టుదలతోనైతే రావచ్చు.

ఇప్పుడు ముడి విప్పుదాం, ముందు క్యాలెండర్‌తో. మీరు, మీ గైడు ఇద్దరూ దీన్ని "ఈ ఏడా, వచ్చే ఏడా" అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. అమెరికా పీహెచ్‌డీలకు గడువులు చాలావరకు డిసెంబరు, జనవరి మొదటి వారాల్లో ఉంటాయి. ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరిల్లో. క్లాసులు మొదలయ్యేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. మీ ఉత్తరం నాకందింది అక్టోబరు మొదట్లో. అంటే ఈ డిసెంబరులో అప్లై చేసి అన్నీ కలిసొచ్చినా మీరు ఆ ల్యాబ్ వదిలేది ఇంకో పది నెలలకు. ఆయన అడుగుతున్నది ఒక ఏడాది! ఇద్దరికీ మధ్య ఉన్న తేడా రెండు నెలలు. "అప్లై చేస్తున్నాను" అని మీరన్నది ఆయనకు "వచ్చే నెల వెళ్ళిపోతున్నాను" అని వినిపించి ఉండొచ్చు. ల్యాబ్ నడిపేవాళ్ళకు పని తెలిసిన చెయ్యి పోవడమంటే ప్రాజెక్టు రిపోర్టు ఆగిపోవడం. ఆయన మంచివారని నేననడం లేదు, ఆయన భయం ఏమిటో చెబుతున్నాను.

కాబట్టి నాలుగో ఈమెయిల్ రాయకండి. టైమడిగి, తలుపేసి కూర్చుని మాట్లాడండి. నేనైతే ఇలా అంటాను: "సార్, ఈ డిసెంబరులో అప్లై చేస్తున్నాను. సీటొచ్చినా జులై దాకా ఇక్కడే ఉంటాను. కుండీల ప్రయోగం రెండో విడత, దాని డేటా, కొత్తవాళ్ళకు పని నేర్పడం అప్పటికి పూర్తిచేస్తాను, ఇదిగో నెలవారీ ప్లాను. నా పని గురించి మీరు గట్టిగా సిఫారసు చెయ్యగలరా? ఇబ్బందనిపిస్తే ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోను, వేరేవాళ్ళను అడుగుతాను." ఆ చివరి రెండు వాక్యాలు మింగెయ్యకండి. అయిష్టంగా రాసిన లెటర్ అసలు లేనిదానికంటే చేటు. "ఈమె మా ల్యాబ్‌లో ఫలానా తేదీ నుంచి పనిచేస్తోంది, సమయపాలన బాగుంది" అని మూడు లైన్లు వస్తే, కమిటీలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తప్పుకోవడానికి ఆయనకు మర్యాదైన దారి ఇవ్వడం మీకే లాభం.

ఆయన సరేనంటే, మళ్ళీ "నువ్వే రాయి" అంటారు. దీనికి సిద్ధంగా ఉండండి. ఇది చాలాచోట్ల జరుగుతున్నదే, అందుకే చాలామందికి తప్పనిపించదు. కానీ తప్పే, పైగా మీకు నష్టం. ఆన్‌లైన్ ఫారాల్లో లెటర్ మీ చేతుల మీదుగా పోదు. మీరిచ్చిన ఈమెయిల్‌కి యూనివర్సిటీ లింకు పంపిస్తుంది, రాసినవారే అప్‌లోడ్ చెయ్యాలి. ఆ పని కూడా మీరే చేసినట్టు తేలితే వచ్చిన సీటు రద్దు కావచ్చు. అంతదాకా పోకపోయినా, ఎస్.ఓ.పి. వాక్యాల తీరు, లెటర్ వాక్యాల తీరు ఒకటేనని చదివేవాళ్ళు పసిగడతారు. అన్నిటికంటే ముఖ్యం, మన గురించి మనం రాసుకుంటే మొహమాటంతో ఏ విశేషమూ లేని మాటలు రాస్తాం. "మొదటి విడతలో నియంత్రణ కుండీలు (పోలిక కోసం బాక్టీరియా వెయ్యకుండా ఉంచినవి) కలుషితమయ్యాయని ఈమే గుర్తించి ప్రయోగం ఆపించింది" అని మీరు రాసుకోరు. ఆయన రాయగలరు. అందుకని "రాయను" అనకుండా, ఇంకోటి చేతిలో పెట్టండి: ఒక పేజీ నోట్సు. ఏ తేదీల్లో ఏ ప్రయోగం చేశారు, ఎక్కడ చిక్కొచ్చింది, మీరేం చేశారు, ఏ ప్రోగ్రాములకు ఎప్పటిలోగా లెటర్ వెళ్ళాలి. "మీకు గుర్తుకోసం, సార్" అని ఇవ్వండి. వాక్యాలు ఆయనవి, వాస్తవాలు మీవి.

ఫారంలో ఒక చిన్న గడి ఉంటుంది: ఈ లెటర్‌ను చూసే హక్కును వదులుకుంటారా అని. అమెరికాలో 1974 నాటి ఒక చట్టం ప్రకారం చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కుంది, దాన్ని లెటర్ల విషయంలో వదులుకోవచ్చు. వదులుకోండి. వదులుకోకపోతే రాసేవాళ్ళు మనసు విప్పి రాయలేదేమోనని చదివేవాళ్ళు అనుకుంటారు.

ఆయన కుదరదంటే? లేదా రెండు వారాలైనా తేల్చకపోతే? అప్పుడు దాన్ని కుదరదనే లెక్కలోకి తీసుకుని ముందుకు పోండి. సాధారణంగా మూడు లెటర్లు అడుగుతారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేయించిన మేడమ్ ఇప్పటికీ మీతో మాట్లాడుతున్నారని రాశారు, ఆమె ఒకరు. గ్రీన్‌హౌస్ చూసుకునే సీనియర్ సైంటిస్టుతో ఏడాదిగా పనిచేస్తున్నారు, ఆయన ఒకరు. క్లాసులో పాఠం చెప్పినవాళ్ళు మూడో లెటర్‌కి పనికొస్తారు. ఇందులో ఒక లోటుంది, దాచను: రెండున్నరేళ్ళు పనిచేసిన ల్యాబ్ అధిపతి లెటర్ ఎందుకు లేదని కమిటీ తప్పకుండా అనుకుంటుంది. దానికి జవాబు మీ ఎస్.ఓ.పి.లో ఉండకూడదు. అక్కడ మీరేం రాసినా ఫిర్యాదులా వినిపిస్తుంది. గ్రీన్‌హౌస్ సైంటిస్టు తన లెటర్లో ఒక్క వాక్యం రాస్తే చాలు: ల్యాబ్ అధిపతి ఈమె ఇంకా కొనసాగాలని కోరుకుంటున్నారు, అందువల్ల లెటర్ అందలేదు, పని నాణ్యతకు నేను హామీ. కమిటీల్లో ఉన్నవాళ్ళూ ఒకప్పుడు విద్యార్థులే, వెంటనే అర్థం చేసుకుంటారు. కాబట్టి దండగ కాదు. మీ అప్లికేషన్‌కి కాస్త బలం తగ్గుతుంది, అంతే.

పోయినేడు తొమ్మిది చోట్ల ఎందుకు పోయిందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. మార్కులు తక్కువనుకుని కుమిలిపోయారు. మీ జాబితా చూస్తే నాకు వేరే కారణం కనిపిస్తోంది. జీవశాస్త్రంలో అమెరికా పీహెచ్‌డీలు స్థూలంగా రెండు తీరులు. మాలిక్యులర్ బయాలజీ, మైక్రోబయాలజీ వంటి ప్రోగ్రాముల్లో చాలావరకు కమిటీ ఎంపిక చేస్తుంది. చేరాక మొదటి ఏడాది రెండు మూడు ల్యాబ్‌లలో కొన్నేసి వారాలు పనిచేసి, ఎక్కడ కుదిరితే అక్కడ స్థిరపడతారు. దీన్ని రొటేషన్ అంటారు. ఎకాలజీ, సాయిల్ సైన్స్, పర్యావరణ విభాగాల్లో అలా కాదు. అక్కడ ఎక్కువగా ఫలానా ప్రొఫెసర్ "ఈమెను నేను తీసుకుంటాను, డబ్బుంది" అంటేనే సీటు. ఆ మాట అనిపించుకోవాలంటే అప్లికేషన్‌కి ముందే ఆయనతోనో ఆమెతోనో ఉత్తరప్రత్యుత్తరాలు నడవాలి. మీ పదింటిలో ఏడు ఈ రెండో తీరువి. ఆ ఏడింటిలో ఒక్కరికీ మీరు ముందుగా ఈమెయిల్ రాయలేదు. "ఎవరిని ఇబ్బంది పెట్టడమని రాయలేదు" అన్నారు. మీ ఫైలు బాగున్నా బాగాలేకపోయినా దాన్ని చేతిలోకి తీసుకునే మనిషి అక్కడ లేరు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఈ విభాగాల కోసమే పుట్టిందేమో.

ఈసారి పది వద్దు, అయిదారు చాలు. ఈ నెలలోనే ఆ అయిదారు చోట్లా ఒక్కొక్కరికి రాయండి. చిన్నగా, ఒక స్క్రీన్‌లో పట్టేంత. మీ నాలుగు వాక్యాల ప్రశ్న, మీరు చేసిన కుండీల ప్రయోగంలో ఏం తేలిందో రెండు వాక్యాలు, వారి పేపర్లలో మీరు నిజంగా చదివినదాని గురించి ఒక నిజమైన సందేహం, చివర "వచ్చే ఆగస్టుకి కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా?" అన్న సూటి ప్రశ్న. రెజ్యూమె జతచెయ్యండి. పొగడ్తలొద్దు. సగం మంది జవాబివ్వరు, పది రోజులాగి ఒకసారి గుర్తుచేసి వదిలెయ్యండి. "ఈ ఏడు తీసుకోవడం లేదు" అన్న జవాబు కూడా లాభమే, ఆ అప్లికేషన్ ఫీజు మిగిలింది.

ఎవరికి రాయాలన్న దగ్గర కొంచెం ఆగుదాం. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకు ల్యాబ్ మొదలుపెట్టడానికి యూనివర్సిటీ ఇచ్చిన డబ్బుంటుంది, విద్యార్థులు కావాలి, మీ పక్కన నిలబడి పని నేర్పే తీరికా ఉంటుంది. కానీ వాళ్ళ ఉద్యోగం పర్మనెంటు కావడానికి కొన్నేళ్ళ గడువు నడుస్తూంటుంది, ఆ ఒత్తిడి మీ మీదా పడుతుంది. పర్మనెంటు కాకపోతే ల్యాబ్ మధ్యలో కదిలిపోవచ్చు. పేరున్న పెద్ద ప్రొఫెసర్ దగ్గర డబ్బు, పరిచయాలు ఉంటాయి, రోజువారీ పని మాత్రం పోస్ట్‌డాక్‌ల చేతుల్లో ఉంటుంది, ఆయన మొహం నెలకోసారి కనిపిస్తే గొప్ప. ఇప్పటి మీ ల్యాబ్ రెండో రకమని మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. అది మీకు పడలేదంటే మొదటి రకం పడుతుందని గ్యారంటీ లేదు. ఎక్కడైనా సరే, ఇంటర్వ్యూ దశకు వస్తే అక్కడున్న విద్యార్థులతో, ప్రొఫెసర్ లేనప్పుడు మాట్లాడించమని అడగండి. "సార్ మంచివారా?" అని అడిగితే అందరూ మంచివారే అంటారు. "చివరి పేపర్లో పేర్ల వరస ఎప్పుడు, ఎలా నిర్ణయించారు? మధ్యలో మానేసినవాళ్ళున్నారా, వాళ్ళిప్పుడెక్కడున్నారు?" అని అడగండి. జవాబు ముందు వచ్చే తడబాటు కూడా జవాబే.

పరీక్షల సంగతి తొందరగా ముగిస్తాను. చాలా ప్రోగ్రాములు జీఆర్ఈ తీసేశాయి, ఎక్కడెక్కడ అడుగుతున్నారో ప్రోగ్రాము పేజీలోనే చూసుకోండి. జీఆర్ఈ స్కోరు అయిదేళ్ళు, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్ళు చెల్లుతాయి. పోయినేటివి మీకింకా పనికొస్తాయి, మళ్ళీ రాసి డబ్బు తగలెయ్యకండి.

పేపర్ విషయం. గైడుతో తలపడేముందు ఆ పోస్ట్‌డాక్‌తో మాట్లాడండి. మీ ఉత్తరంలో అతను దొంగలా కనిపిస్తాడు, కానీ అతనికి మీకిచ్చిన మాట గురించి తెలుసనడానికి ఎక్కడా ఆధారం లేదు. డ్రాఫ్టు రాయమన్నారు, రాశాడు, రాసినవాడి పేరు ముందుంది. ఇలా మొదలైన తగాదాలు ఎన్నో చూశాను. "కుండీల డేటా, సీక్వెన్సింగ్ శాంపిల్సు నావి, విశ్లేషణ, రాత మీవి, ఇద్దరం సమాన ఫస్ట్ ఆథర్లుగా వెళ్దామా?" అంటే ఒప్పుకునే అవకాశముంది. అతనొప్పుకుంటే గైడు కాదనేందుకు పెద్దగా కారణముండదు. ఇప్పుడు చాలా జర్నళ్ళు ఎవరు ఏ పని చేశారో విడివిడిగా ప్రకటించమంటున్నాయి. క్రెడిట్ అనే పద్ధతిలో 14 రకాల పాత్రలున్నాయి: ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, డేటా నిర్వహణ ఎవరిది, మొదటి డ్రాఫ్టు ఎవరిది అని. ఆ పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే "నాది, నీది" అన్న మాట "ఈ పని ఎవరు చేశారు" అన్న మాటగా మారుతుంది.

ఒప్పుకోకపోతే మీ ముందు రెండు దారులు. రెండో ఆథర్‌గా సర్దుకుని, పాత్రల ప్రకటనలో మీ పని స్పష్టంగా ఉండేలా చూసుకోవడం ఒకటి. పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మీ దశలో రెండో ఆథర్ పేపర్ ఏం తక్కువ కాదు, నిజం చెబుతున్నాను. సంస్థలో ఫిర్యాదు చెయ్యడం రెండోది. హక్కు మీకుంది. జర్నల్ ఎడిటర్లు మాత్రం ఇలాంటి తగాదాలు తీర్చరు, సంస్థకే వదిలేస్తారు. ఆ విచారణ డిసెంబరులోగా తేలదు, ఈలోగా లెటర్ ఆశ వదులుకోవాలి. గైడు ఎటూ లెటర్ ఇవ్వనంటే ఈ లెక్క మారుతుంది, అందుకే ముందు ఆ సంగతి తేల్చుకోమన్నాను. ఏ దారైనా, మీరు చేసిన పనుల జాబితా తేదీలతో సొంతంగా రాసుకోండి. ల్యాబ్ నోటుబుక్కులు, డేటా మాత్రం ఇంటికి తీసుకుపోకండి, అవి సాధారణంగా సంస్థవి. కోపంలో డ్రాఫ్టును, జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రీప్రింట్‌గా సొంతంగా పెట్టెయ్యడం కూడా వద్దు. ఆథర్లందరి సమ్మతి లేకుండా పెడితే తప్పు మీ వైపుకి తిరుగుతుంది.

ఇక మీ అన్నయ్య మాట. చెల్లెలు ఏడుస్తుంటే అప్పు చేసైనా బయటికి తేవాలనుకున్న మనిషి, ఆయన మీద నాకు గౌరవమే. కానీ డబ్బు లెక్క ఆయనకు ఎవరూ వివరించలేదు. అమెరికాలో సైన్సు పీహెచ్‌డీ అంటే సాధారణంగా ఫీజు మాఫీ, పైన స్టైపెండ్; బదులుగా మీరు క్లాసుల్లో బోధన సాయమో, ల్యాబ్‌లో పరిశోధన సాయమో చేస్తారు. మాస్టర్స్‌కి చాలాచోట్ల అది ఉండదు. మీకు ఎమ్మెస్సీ ఉంది, ల్యాబ్ అనుభవముంది. అప్పు చేసి ఇంకో మాస్టర్స్ చేస్తే చేతికొచ్చేది ప్రధానంగా ఇంకో ఇద్దరి లెటర్లు, అక్కడి పరిచయాలు. వాటికి విలువ లేదనను, ఆ అప్పు మోసేంత ఉందా అన్నది మీ ఇంటి లెక్క. ఒక్క సందర్భంలో నా అభిప్రాయం మారుతుంది: సాయిల్ సైన్స్ వంటి విభాగాల్లో థీసిస్ రాసే మాస్టర్స్ విద్యార్థులకు కూడా ప్రొఫెసర్ తన ప్రాజెక్టు నుంచి స్టైపెండ్ ఇవ్వడం ఉంది. ఆ పదోచోటికి రాసి "ఇది థీసిస్ ప్రోగ్రామా, అసిస్టెంట్‌షిప్ వచ్చే వీలుందా" అని అడగండి. ఉందంటే అది వేరే సీటు.

ఫండింగ్‌తో సీటు వచ్చినప్పుడు కూడా కాగితం జాగ్రత్తగా చదవాలి. ఎన్నేళ్ళకు హామీ, వేసవి నెలల్లో ఇస్తారా, ఆరోగ్య బీమా అందులో ఉందా, ప్రొఫెసర్ గ్రాంటు ఆగిపోతే విభాగం ఆదుకుంటుందా. ఇవి అడిగితే ఆశపోతులనుకోరు, తెలిసినవారనుకుంటారు. ఎవరైనా ఫిబ్రవరిలోనే "మూడు రోజుల్లో తేల్చండి" అని తొందరపెడితే కంగారుపడకండి. అమెరికా యూనివర్సిటీల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు, ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫరుకు ఏప్రిల్ 15 కంటే ముందే జవాబివ్వాల్సిందేనని విద్యార్థిని కట్టడి చెయ్యకూడదు. ఆ జాబితా బహిరంగంగానే ఉంది, చూసుకుని మర్యాదగా గుర్తుచెయ్యండి.

అమెరికా ఒక్కటే దారని మీరెందుకు అనుకున్నారో తెలియదు. యూరప్‌లో చాలా దేశాల్లో పీహెచ్‌డీ అంటే ప్రకటన వేసి తీసుకునే ఉద్యోగం. ప్రాజెక్టు ముందే ఖరారై ఉంటుంది, కాంట్రాక్టు, జీతం ఉంటాయి, సాధారణంగా మూడు నాలుగేళ్ళు. మాస్టర్స్ ఉండాలి, మీకుంది. ప్రకటనలు ఏడాది పొడవునా వస్తాయి, డిసెంబరు గండం లేదు. చాలాచోట్ల ముందు రిఫరీల (మన గురించి చెప్పగలవాళ్ళ) పేర్లు మాత్రమే అడిగి, వడపోత అయ్యాకే వాళ్ళను సంప్రదిస్తారు. మీ పరిస్థితిలో ఇది పెద్ద వెసులుబాటు. యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కుల్లో, గడిచిన 36 నెలల్లో, చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదన్న నియమం ఉంది. అసలు దేశం దాటని మీకు అది అడ్డం కాదు. ఇబ్బంది ఏమిటంటే ప్రశ్న వాళ్ళది. మీ నాలుగు వాక్యాలు అక్కడ సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. చేరాక దారి మార్చుకునే వెసులుబాటు అమెరికా కంటే తక్కువ. రెండూ సమాంతరంగా నడిపినా తప్పులేదు.

గురుద్రోహం అన్న మాట మీ ఉత్తరంలో మూడుచోట్ల ఉంది. రెండున్నరేళ్ళు చేసిన పనికి మీరు జీతం తీసుకున్నారు, ఆయన ఫలితాలు తీసుకున్నారు. ఆయన నేర్పినదానికి కృతజ్ఞత ఉండాలి, చూపించండి: పని మధ్యలో వదలకుండా, నోటుబుక్కులు సరిగ్గా అప్పగించి వెళ్ళండి. అంతకుమించి బాకీ ఏమీ లేదు.

చివరిగా, మీరు అడగని విషయం. ఇప్పుడు జరిగినది కొత్తచోటా జరగొచ్చు, ఎందుకంటే ఇక్కడ ఏదీ కాగితం మీద లేదు. ఫస్ట్ ఆథర్ మాట టీ టైములో నోటిమాటగా వచ్చింది, మీరు తలూపారు. కొత్త ల్యాబ్‌లో మొదటి నెలలోనే అడగాల్సినవి: వారానికోసారి కలుస్తామా, పేర్ల వరస ఎప్పుడు మాట్లాడుకుంటాం, సెలవులెలా. ప్రతి మీటింగ్ తర్వాత "ఈరోజు మనం అనుకున్నవి ఇవి" అని నాలుగు లైన్ల ఈమెయిల్ పెట్టండి. నిష్ఠూరంగా కాదు, అలవాటుగా. అమెరికాలో థీసిస్ కమిటీ అని గైడుతోబాటు ఇంకొందరు ప్రొఫెసర్లు ఉంటారు. చాలామంది విద్యార్థులు వాళ్ళను పరీక్ష రోజునే చూస్తారు. అంతకు చాలా ముందే వాళ్ళలో ఒకరితో చనువు పెంచుకుంటే, లెటర్లన్నీ ఒకే చేతిలో ఇరుక్కుపోయే పరిస్థితి రాదు.

వయసు సంగతి: 27 ఆలస్యం కాదు. ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళను కమిటీలు ఇష్టపడతాయి కూడా.

ఈసారీ ఎక్కడా రాకపోతే అక్కడే ఇంకో ఏడాది ఉండాలా అన్నది ఏప్రిల్‌లో తేల్చుకోండి, ఇప్పుడు కాదు. ఉంటే మాత్రం ఈసారి షరతులతో ఉండండి: ఏ పేపర్, ఎవరు ముందు, ఏ నెలకు జర్నల్‌కి పంపాలి, లెటర్ ఎప్పటికి. నాలుగూ ఈమెయిల్‌లో రాసి ఆయన "సరే" అన్నాకే కాంట్రాక్టు పొడిగింపు మీద సంతకం పెట్టండి. అనకపోతే గ్రీన్‌హౌస్ సైంటిస్టు దగ్గర ఖాళీ ఉందేమో కనుక్కోండి. మీ ప్రశ్నకు కావలసిన కుండీలు ఎటూ ఆయన దగ్గరే ఉన్నాయి.